ఎడారి గులాబీ రాయి వానాకాలంలో చెమ్మగిల్లుతోంది, ఇసుక రాలుతోంది. ఏం చేయాలి?

వెన్నెల_వేళచ్చేరి | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చదవడమే తప్ప ఇంతవరకూ ఏమీ రాయలేదు. మా పెదనాన్నగారు సౌదీలో తూర్పు వైపు చమురు కాంట్రాక్టు పనుల్లో ఉండేవారు. అక్కడి ఇసుకలో దొరికిన ఎడారి గులాబీ రాయి ఒకటి తెచ్చుకున్నారు. లేత గోధుమరంగు, రేకులు ఒకదాన్నొకటి కోసుకుంటూ నాలుగు వైపులా విచ్చుకుని ఉంటాయి. అంచులు బాగా పలచన. అనంతపురంలో ఆయన షోకేసులో ఏళ్ల తరబడి ఉంది, ఏమీ కాలేదు. ఈమధ్య ఇల్లు మారుతూ, నాకు రాళ్లంటే ఇష్టమని నా చేతికిచ్చారు.

చెన్నైలో అక్టోబరు వానలు పట్టుకున్నప్పటి నుంచి రాయి కింద పరిచిన కాగితం తడుస్తోంది. తాకితే జిగట. తెల్లారేసరికి కాగితం మీద చిటికెడు ఇసుక. మధ్యలో రెండ్రోజులు ఎండ కాస్తే రేకుల సందుల్లో తెల్లటి పొర కడుతోంది. రాయి కరిగిపోతోందా? నీళ్లతో కడగమని ఒకరు, వార్నిష్ కొట్టమని ఒకరు, మేడ మీద ఎండబెట్టమని ఇంకొకరు చెప్పారు. ఏదీ చేయలేదు. ముందు మిమ్మల్ని అడుగుదామని ఆగాను.

స్ఫటికం_తిరువాన్మియూర్ | శనివారం, రాత్రి 9:48

వెన్నెల గారూ, ఆగడమే మంచిదయింది. ఆ మూడింట్లో ఏదీ చేయకండి.

మీ రాయి కరగడం లేదు. ఎడారి గులాబీ అంటే జిప్సం, కాల్షియం సల్ఫేటు. ప్రతి అణువుతో రెండు నీటి అణువులు కట్టుబడి ఉంటాయి. జిప్సం గాలిలో తేమను పీల్చుకోదు. నీళ్లలో వేసినా లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు మాత్రమే కరుగుతుంది. కాబట్టి గాలిలో తేమకే అది కారిపోయే ప్రశ్న లేదు.

మీరు చూస్తున్న చెమ్మ ఉప్పుది. గల్ఫ్ తీరంలో ఈ రాళ్లు పుట్టే ఉప్పు చదునును సబ్ఖా అంటారు. అక్కడి ఇసుక అడుగున ఉండేది సముద్రపు నీటికన్నా ఎంతో చిక్కటి ఉప్పునీరు. స్ఫటికం ఆ నీటిలోనే పెరుగుతుంది, బయటికి తీసినప్పుడు రేకుల సందుల్లో, ఇసుక రేణువుల మధ్య ఆ ఉప్పు ఉండిపోతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు కారుతుంది. అదే ఉప్పునీటిలో ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం చాలు. అనంతపురం గాలి పొడిగా ఉంటుంది గనక ఉప్పు నిద్రపోయింది. వేళచ్చేరిలో వానాకాలం పొద్దున్నే తేమ ఎంతుంటుందో మీకు తెలిసిందే.

ఎండ కాసినప్పుడు కనిపించే తెల్లటి పొర మళ్లీ గట్టిపడిన ఉప్పే. ఇలా తడిసి ఆరి, తడిసి ఆరి, ప్రతిసారీ ఉప్పు స్ఫటికాలు రేణువుల మధ్య పెరిగి వాటిని తోసేస్తాయి. ఇసుక రాలడం అందుకే. పాత గుడుల రాతిగోడలు పొట్టు పొట్టుగా లేచిపోయేదీ ఇదే కారణంగా.

ఇప్పటికి మీరు చేయాల్సింది ఇంతే: గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో రాయిని పెట్టి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ సంచులు వేయండి. రాయికి తగలకుండా వేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. రాలిన ఇసుక పారేయకండి, ఒక చిన్న సీసాలో పోసి ఉంచండి.

దోహా_రాజన్న | శనివారం, రాత్రి 10:20

అక్కా, నేను ఖతర్ల పనిచేసొచ్చిన, ఇప్పుడు చెన్నై పక్కన ఒరగడంల ఉంటున్న. స్ఫటికం మాస్టారు చెప్పిన సబ్ఖా కండ్లార చూసిన. చదునుగ, మీద ఉప్పు పొర తెల్లగ మెరుస్తుంటది. బండి దిగి నడిస్తె కాలు దిగబడుతది. కొద్దిగ తవ్వితె సాలు, ఉప్పునీళ్లు ఊరుతయి. ఆ నీళ్లకు జర పైన తడి ఇసుకల గులాబీలు ఉంటయి. అప్పుడే తీసినయి మెత్తగుంటయి, గట్టిగ పడితె రేకు ఇరుగుతది. మావోళ్లు తీసినంక నీడకు ఆరబెట్టి, బ్రష్షుతోని ఇసుక దులిపి సూట్‌కేసుల బట్టల మధ్య దాసుకునేటోళ్లు. ఉప్పు తియ్యాలె అన్న ముచ్చట ఎవ్వరికీ తెల్వదు. మీ పెదనాన్న తెచ్చింది గూడ గట్లనే వచ్చుంటది.

దోహల నేషనల్ మ్యూజియం ఫొటోలు సూడు. ఫ్రాన్సు ఆర్కిటెక్టు జాన్ నువెల్ ఈ రాయిని సూసే గీసిండు. పెద్ద పెద్ద గుండ్రటి పలకలు ఒకదాంట్ల ఒకటి దూసుకుపోయినట్టు ఉంటయి. 2019ల తెరిసిండ్రు. దాని ముందు నిలబడితె మనూరోళ్లం గింత రాయిని జేబుల వెట్టుకుని తిరిగినమా అనిపిస్తది.

ఉప్పుమడి | ఆదివారం, ఉదయం 6:35

మాది చినగంజాం. ఉప్పు మడుల మధ్య పెరిగాను, ఇప్పుడు అంబత్తూరులో ఉంటున్నా. ఎడారి గులాబీ పుట్టుక అర్థం కావాలంటే సౌదీ దాకా పోనక్కర్లేదు, కోవళం దారిలో కేళంబాక్కం మడులు చూసినా చాలు.

సముద్రపు నీటిని ఒక మడిలో ఎండగడతాం. చిక్కబడ్డాక పక్క మడిలోకి వదులుతాం. చిక్కదనాన్ని బోమే గొట్టంతో కొలుస్తాం. సముద్రం నీరు మూడు, మూడున్నర డిగ్రీలు చూపిస్తుంది. పదమూడు ప్రాంతానికి వచ్చేసరికి జిప్సం దిగడం మొదలవుతుంది. ఇరవై ఐదు దగ్గర ఉప్పు పడుతుంది. అంటే ఉప్పుకన్నా ముందు జిప్సం. నడిమి మడుల అడుగున గరుకుగా, కాలికి గుచ్చుకునే పొర కడుతుంది. చేత్తో పెళ్లగించి చూస్తే చిన్న చిన్న స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. తమిళనాడు, గుజరాత్ ఉప్పు మడుల్లో దీన్ని పోగుచేసి సిమెంటు కంపెనీలకు అమ్ముతారు.

ఉప్పు తీశాక మిగిలే నీళ్లు చేదుగా ఉంటాయి. ఎంత ఎండబెట్టినా పూర్తిగా ఆరవు. మెగ్నీషియం అంతా అందులోనే ఉంటుంది. స్ఫటికం గారు చెప్పిన 33 శాతం తేమ సంగతి అదే. సబ్ఖాలో మాత్రం ఆ చేదు నీళ్లు బయటికి పోయే దారి లేదు, ఇసుకలోనే ఉండిపోతాయి.

ఇంకో మాట. అనంతపురం వాళ్లకు జిప్సం కొత్తేమీ కాదు. వేరుశనగకు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోలు వేస్తారు కదా, ఆ పొడి కూడా ఈ ఖనిజమే.

రాళ్లబడి | ఆదివారం, ఉదయం 10:05

నేను గిండీలో జియాలజీ చదువుతున్నాను. ఉప్పుమడి గారు చెప్పినదానికి కొంచెం కలుపుతాను.

మడిలో స్ఫటికం నీళ్లలో స్వేచ్ఛగా పెరుగుతుంది. ఎడారి గులాబీ ఇసుక లోపల పెరుగుతుంది, తేడా అంతా అక్కడే. అడుగునున్న ఉప్పునీరు ఇసుక రేణువుల సందుల్లోంచి పైకి పాకుతుంది, పైన ఎండకు ఆవిరవుతుంది. చిక్కదనం జిప్సం హద్దు దాటగానే స్ఫటికం మొదలవుతుంది. అడ్డొచ్చిన ఇసుకను పక్కకు తోయలేక తనలోనే పొదువుకుంటుంది. అందుకే రేకు విరిగిన చోట భూతద్దంతో చూస్తే ఇసుక రేణువులు, వాటి మధ్య గాజులా మెరిసే జిప్సం కనిపిస్తాయి. కొన్ని గులాబీల్లో బరువులో సగం దాకా ఇసుకే.

రేకు ఆకారం గురించి చాలామంది అడుగుతారు. నీళ్లలో తీరిగ్గా పెరిగిన జిప్సం పొడవుగా, పారదర్శకంగా వస్తుంది. మెక్సికోలోని నైకా గనిలో 2000లో బయటపడ్డ గుహలో అలాంటివి 11 మీటర్ల పొడవు కూడా ఉన్నాయి. భూమికి దాదాపు 290 మీటర్ల లోతున, 58 డిగ్రీల వేడిలో పెరిగాయి. వేడి ఇసుకలో, ముఖ్యంగా కుళ్లిన మొక్కల పదార్థం కలిసిన నీటిలో, స్ఫటికం ఒక దిక్కున ఎదగలేక పక్కలకు విస్తరిస్తుంది. నడుమ మందంగా, అంచు పలచగా, కందిపప్పు బద్దలా తయారవుతుంది. అలాంటి బద్దలు ఒకే చోట పుట్టి వేర్వేరు కోణాల్లో దూసుకుపోతే అది గులాబీ.

దగ్గరలో జిప్సం చూడాలనుకునేవాళ్లు పెరంబలూరు జిల్లా కారై వెళ్లండి. సుమారు 10 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు బంకమట్టి దిబ్బలు. వాన కోసిన వాగుల్లో జిప్సం పలకలు మెరుస్తూ కనిపిస్తాయి. గులాబీలు ఉండవు, పలకలూ నారలూ ఉంటాయి. అక్కడి శిలాజాలు మాత్రం ముట్టుకోకండి. ఫొటో తీసుకుని ఎక్కడివక్కడే వదిలేయండి.

వెన్నెల_వేళచ్చేరి | ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. రాయిని డబ్బాలో పెట్టాను. స్ఫటికం గారూ, ఉప్పు లోపల ఉన్నంతకాలం ఈ బాధ తప్పదు కదా? పూర్తిగా తీసే దారి ఉందా? మా ఇంట్లో క్యాన్ నీళ్లు చూసుకోవడానికి కొన్న టీడీఎస్ పెన్ను ఉంది, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో అంకెలో చూపిస్తుంది. దానితో ఉప్పు పోయిందో లేదో తెలుస్తుందా?

స్ఫటికం_తిరువాన్మియూర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:15

దారి ఉంది. తొందరపడితే పనికిరాదు.

మంచినీళ్లలో ముంచితే ఉప్పు పోతుంది, దానితోపాటు జిప్సం కూడా కరుగుతుంది. లీటరుకు రెండు గ్రాములే కదా అనిపించవచ్చు. కానీ కరిగేది ముందుగా ఆ పలచటి అంచే. అంచు మొద్దుబారిన గులాబీకి అందం ఏముంటుంది? అందుకని అప్పటికే జిప్సంతో నిండిపోయిన నీళ్లు వాడాలి. ఇక జిప్సం పట్టని నీరు ఉప్పును మాత్రం తీసుకుంటుంది.

బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొనండి. చెన్నై బోరు నీళ్లు వద్దు, వాటిలోనే ఉప్పుంది. మన దగ్గర చాక్‌పీసులు ఎక్కువగా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో పోస్తారు. అది గట్టిపడితే జిప్సమే. రంగు లేని తెల్ల చాక్‌పీసులు పొడి చేసి నీళ్లలో వేసి, ఒక రోజంతా అప్పుడప్పుడూ కలపండి. మర్నాడు పైనీరు తేటగా వంచుకోండి. చాక్‌పీసుల్లో సున్నం రకం కూడా ఉంటుంది. ఒక ముక్క మీద వెనిగర్ చుక్క వేయండి, నురగ వస్తే అది పక్కన పెట్టేయండి.

టీడీఎస్ పెన్ను ఇక్కడ పనికొస్తుంది, అయితే ఒక మెలిక ఉంది. జిప్సం నీటికే పెన్ను పెద్ద అంకె చూపిస్తుంది. కాబట్టి రాయి వేయకముందు ఆ తేటనీటి అంకె రాసిపెట్టుకోండి. అదే మీ మొదలు. రాలిపోయిన రేకు ముక్క ఏదైనా ఉంటే ముందు దానిమీద చేసి చూడండి. విడిపోకుండా నిలిస్తే అప్పుడు రాయి. కాసేపు ముంచి తీసి నీళ్లు కొలవండి. అంకె పెరిగితే ఉప్పు వస్తున్నట్టు. కొత్త జిప్సం నీళ్లు పోసి మళ్లీ ముంచండి. అంకె ఇక పెరగని దగ్గర ఆపేయండి. ఉప్పు ఉన్న నీళ్లలో జిప్సం మామూలుకన్నా ఎక్కువ కరుగుతుంది, అందుకే ఒకే నీళ్లలో రాత్రంతా వదిలేయకూడదు. పాత్ర అడుగున కాస్త చాక్‌పొడి ఉంచితే ఇంకా భద్రం.

చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తడపండి. జిప్సం అందులో కరగదు, నీళ్లు త్వరగా ఆరతాయి, ఆరేటప్పుడు జిప్సం పొర కట్టదు. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా చేయండి.

కోడూరు_సీమ | ఆదివారం, సాయంత్రం 5:40

మాస్టారు మీద గౌరవంతోనే చెబుతాండా, నేను ఒప్పుకోను. గల్ఫ్ గులాబీల్లో కొన్నిటికి రేకుల్ని పట్టుకోని ఉండేది జిప్సం ఒకటే కాదు, బంకమట్టి, ఉప్పు గూడా. ఆ ఉప్పు తీస్తే రేకు ఊడొస్తాది. తిరిగి అతికిస్తే అది గులాబీ కాదు, బొమ్మ. తేమ 50 శాతం దాటని మూత డబ్బాలో పెట్టి అట్లనే ఉంచుకోవడం మేలు. వాళ్ల పెదనాయన చేతుల మీద వచ్చిన రాయి అది, బజార్లో మళ్లా దొరికేది కాదు.

స్ఫటికం_తిరువాన్మియూర్ | ఆదివారం, సాయంత్రం 6:25

సీమ గారూ, మీ భయం సమంజసమే. అందుకే రాలిన ముక్క మీద ముందు చూడమన్నాను. అయితే డబ్బాలో 50 శాతం ఉన్నా మెగ్నీషియం ఉప్పు ఉంటే చెమ్మ ఆగదు. ఇంకా పొడిగా, 30 కిందికి దింపితే ఆ ఉప్పు గట్టిపడుతుంది, మూత తీసిన ప్రతిసారీ మళ్లీ తడుస్తుంది. రాయిని చూడటానికే కదా పెట్టుకుంటాం, మూత తీయకుండా ఎన్నాళ్లు?

రాళ్లబడి | ఆదివారం, రాత్రి 8:10

ఇద్దరి మధ్యా ఒక దారి ఉంది. విడిపోతున్న రేకులున్న గులాబీని నీళ్లలో పెట్టే ముందే బలహీనమైన చోట పట్టు ఇవ్వవచ్చు. మ్యూజియంలలో పారాలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెజిన్ వాడతారు. అసిటోనులో బాగా పలచగా కలిపి, సన్న కుంచెతో రేకు మొదట్లో ఒక్క చుక్క. సన్నటి సందులు ద్రవాన్ని లాక్కునే కేశిక చర్యతో అది లోపలికి పాకుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు అసిటోనుతో తీసేయవచ్చు. బజారు వార్నిష్‌తో ఆ వీలు లేదు. పసుపెక్కుతుంది, మెరుపు వస్తుంది, ఉప్పును లోపల బంధిస్తుంది. బంధించిన ఉప్పు వార్నిష్ పొరనే పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఫెవికాల్ గురించి కూడా ఇదే నా మాట.

నా ఓటు మాత్రం సీమ గారికే. పది రేకుల్లో ఒక్కటి కదులుతున్నా ముంచవద్దు.

అన్నానగర్_అమ్మ | సోమవారం, ఉదయం 11:20

మా అబ్బాయి ఓక్లహోమాలో ఉంటాడు. పోయినసారి వచ్చినప్పుడు ఎర్రటి గులాబీ రాయి తెచ్చాడు, ఆ రాష్ట్రానికి అధికారిక రాయి అదేనట. పెరుగుతున్న వానల్లో కూడా దానికి చెమ్మ లేదు, ఇసుక రాలదు. చిన్నదే కానీ చేతిలో బరువుగా ఉంటుంది. ఇదీ జిప్సమేనా? దుమ్ము పడితే నీళ్లతో కడగవచ్చా?

కోడూరు_సీమ | సోమవారం, మధ్యాహ్నం 12:45

అమ్మా, మీది జిప్సం కాదు, బెరైట్. మన భాషలో చెప్పాలంటే ముగ్గురాయి. మా రైల్వే కోడూరు పక్కన మంగంపేటలో తవ్వేది అదే ఖనిజం. ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో మంగంపేట ఒకటి. కాకపోతే మాది బూడిద రంగు, నల్లటి రాతి పొరలు, పూలు పూయదు. పొడి చేసి చమురు బావులు తవ్వేటప్పుడు బురదకు బరువు రావడానికి వాడతారు. ఒక రకంగా చూస్తే వెన్నెల గారి పెదనాయన పనిచేసిన చోట్లకు మా ఊరి రాయి ముందే పోయుంటాది.

ఓక్లహోమా గులాబీలు నోబుల్ ఊరి చుట్టుపక్కల గార్బర్ ఇసుకరాతిలో దొరకతాయి. 25 కోట్ల ఏళ్లకు పైబడిన రాయి అది. ఇసుకలో ఇనుము ఉండబట్టి ఎరుపు. 1968లో రాష్ట్ర శిలగా ప్రకటించినారు. బెరైట్ నీళ్లలో దాదాపు కరగదు, నిర్భయంగా కడుక్కోండి. మెత్తటి బ్రష్షు వాడండి చాలు.

రెంటినీ వేరుచేసే పద్ధతి చెబుతా, కొనేవాళ్లకు పనికొస్తాది. మరుగున ఉన్న చోట గోటితో గీకండి. పది మెట్ల మోస్ కొలమానంలో జిప్సం కాఠిన్యం 2, గోరు రెండున్నర, కాబట్టి గీత పడతాది. బెరైట్ మూడు దాటుతాది, గోరు జారిపోతాది. ఇంకా గట్టి పరీక్ష సాంద్రత. జిప్సం 2.3, ఇసుక 2.65, గల్ఫ్ ఇసుకలో ఉండే సున్నపు రేణువులు 2.7. ఈ మూడూ ఎట్ల కలిసినా 2.7 దాటే వీల్లేదు. బెరైట్ ఒకటే నాలుగున్నర. మీ గులాబీ మూడు చూపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు.

రాళ్లబడి | సోమవారం, మధ్యాహ్నం 2:00

సాంద్రత కొలవడానికి రిచీ స్ట్రీట్‌లో దొరికే చిన్న డిజిటల్ తక్కెడ సరిపోతుంది. రాయిని మామూలుగా తూచండి. తర్వాత తక్కెడ మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి గిన్నెకు తగలకుండా మునిగేలా వేలాడదీయండి. తక్కెడ చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం. మొదటి బరువును దానితో భాగించండి. జిప్సం అనే అనుమానం ఉంటే పలచటి ప్లాస్టిక్ పొరతో బిగించి చుట్టి, చకచకా తూచి తీసేయండి. సందుల్లో గాలి ఉంటే అంకె కాస్త తగ్గుతుంది, పెరగదు.

ఉప్పుమడి | సోమవారం, మధ్యాహ్నం 2:40

సున్నపు రేణువుల మాట వచ్చింది గనక చెబుతున్నా. కొందరు వెనిగర్ చుక్క వేసి, నురగ వస్తే నకిలీ అని తేల్చేస్తారు. జిప్సం నురగదు, నిజమే. కానీ గల్ఫ్ ఇసుకలో గుల్లల ముక్కలు ఉంటాయి, అవి నురుగుతాయి. నురగ వచ్చినంత మాత్రాన మంచి గులాబీని పారేసుకోవద్దు.

నీలిమేఘం | సోమవారం, సాయంత్రం 7:15

నేను కొత్తగా సేకరణ మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో మొరాకో గులాబీ అని ఒకటి తెప్పించుకున్నాను. రేకులన్నీ ఒకే మందం, అడుగున జిగురు మరక. అమ్మినవాళ్లు ఏ ఊరిదో చెప్పలేకపోయారు. కొనేటప్పుడు ఏం చూడాలి?

స్ఫటికం_తిరువాన్మియూర్ | సోమవారం, రాత్రి 8:30

అసలు గులాబీలో రెండు రేకులు ఒకే కొలతలో ఉండవు. రేకు ఇంకో రేకులోంచి దూసుకొచ్చే చోటు చూడండి. సహజమైనదైతే రెంటి ఇసుకా కలిసిపోయి, హద్దు ఎక్కడుందో చెప్పడం కష్టం. అతికించినదైతే ఆ మలుపులో సన్నటి మెరిసే గీత ఉంటుంది. చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే జిగురు చాలాసార్లు నీలంగా వెలుగుతుంది. గులాబీ రంగు, ఆకాశ నీలం వేసి అమ్మేవి అద్దినవి, సేకర్తలకు పనికిరావు. ముందుగా అడగాల్సింది అంచుల దగ్గరి ఫొటోలు. దూరం నుంచి ప్రతి గులాబీ బాగానే ఉంటుంది.

తెల్లగా మెరిసే కడ్డీలు, స్తంభాలు సెలెనైట్ (పారదర్శకమైన జిప్సం) పేరుతో అమ్ముతారు కదా, అవి చాలావరకు శాటిన్ స్పార్. నారలు నారలుగా పెరిగిన జిప్సం. తప్పుడు రాయేమీ కాదు, ధర మాత్రం పారదర్శకమైన సెలెనైట్ ధర పెట్టకండి.

చోటు విషయంలో నా నియమం కఠినం. ఏ ఊరిదో చెప్పని గులాబీ ఎంత అందంగా ఉన్నా అలంకారమే. ట్యునీషియాలో షోట్ ఎల్ జెరీద్ ఉప్పు సరస్సు చుట్టుపక్కలది, అల్జీరియాలో ఎల్ ఊద్ వైపుది, గల్ఫ్ సబ్ఖాది పక్కపక్కన పెట్టి చూడండి. ఇసుక రంగు, రేకు మందం వేరు వేరు. ఎల్ ఊద్‌లో ఈ రాళ్లను ఇళ్ల గోడల్లోనే పేర్చి కట్టుకున్నారు, అక్కడ అంత విస్తారం. చోటు తెలిస్తేనే ఈ పోలిక మొదలవుతుంది. ఊరి పేరు లేకుండా కొన్నవాళ్లకు తర్వాత దాన్ని సంపాదించే దారి లేదు.

అన్నానగర్_అమ్మ | సోమవారం, రాత్రి 9:05

మా అబ్బాయి చెప్పిన విషయం ఇక్కడ పనికొస్తుందేమో. అదే రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ ప్లెయిన్స్ అని పక్షుల రక్షిత ప్రాంతం ఉందట. అక్కడ ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 15 వరకు జనం తామే తవ్వుకుని సెలెనైట్ తీసుకోవచ్చట. స్ఫటికం లోపల ఇసుక ఇసుకగడియారం ఆకారంలో చిక్కుకుని ఉంటుంది. ఎంత తీసుకోవచ్చో లెక్క కూడా ఉంది. మిగతా నెలల్లో పక్షుల కోసం మూసేస్తారు. ఇలా అనుమతి ఉన్నచోట తెచ్చుకుంటే మనసుకూ హాయి.

మోడరేటర్ | మంగళవారం, ఉదయం 9:00

రెండు వ్యాఖ్యలు తొలగించాను. సెలెనైట్ నానబెట్టిన నీళ్లు తాగితే జబ్బులు పోతాయన్న ప్రచారానికి ఇక్కడ చోటు లేదు. గోదంతి పేరుతో ఆయుర్వేదంలో జిప్సం వాడకం ఉంది, అది శుద్ధి చేసి వైద్యులు ఇచ్చే భస్మం. షోకేసు రాయి నానిన నీళ్లకూ దానికీ సంబంధం లేదు. అలాగే, ఏ దేశం నుంచి తెచ్చినా అక్కడి నియమాలు కనుక్కోండి. రక్షిత ప్రాంతాల్లో ఏరిన రాళ్ల అమ్మకాలను ఈ వేదికలో అనుమతించం.

రాళ్లబడి | మంగళవారం, మధ్యాహ్నం 12:10

ఖనిజాలు ఎలా వరుసపెట్టాలో చూడాలనుకునే కొత్తవాళ్లు ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం జియాలజీ విభాగానికి ఒకసారి వెళ్లండి. ఆ మ్యూజియం 1851లో మొదలైందే రాళ్లతో, ఖనిజాలతో. మద్రాస్ లిటరరీ సొసైటీ సేకరణ దానికి పునాది. కాంస్య విగ్రహాల దగ్గరే జనమంతా ఆగిపోతారు, రాళ్ల గదిలో నిదానంగా చూసుకోవచ్చు.

దోహా_రాజన్న | మంగళవారం, రాత్రి 9:30

మాస్టారూ, నా దగ్గర మూడు చిన్న గులాబీలున్నయి. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుందమనుకున్న. ఏమన్న అయితదా?

స్ఫటికం_తిరువాన్మియూర్ | మంగళవారం, రాత్రి 10:00

వద్దు రాజన్నా. జిప్సం బరువులో దాదాపు 21 శాతం నీరే. 120, 150 డిగ్రీల మధ్య కాలిస్తే ముప్పాతిక నీరు పోయి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అవుతుంది. ఎండలో మూసిన కారు అంత వేడెక్కదు, కానీ డ్యాష్‌బోర్డు మీది పొడి వేడి రోజూ తగిలితే ఏళ్ల మీద మెరుపు పోయి పాలిపోవచ్చు. పైగా ఒరగడం రోడ్ల కుదుపులు. ఇంట్లో నీడన, వేడి దీపాలకు దూరంగా పెట్టుకో.

వెన్నెల_వేళచ్చేరి | బుధవారం, రాత్రి 8:45

పెదనాన్నగారికి ఫోన్ చేసి అడిగాను. రాయి తూర్పు సౌదీలోని అబ్కైక్ దగ్గరి సబ్ఖాలోదట. ఆయన చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసుకున్నాను. రెండు రేకులు కదులుతున్నాయి, కాబట్టి సీమ గారి మాటే వింటాను, ముంచను. సిలికా జెల్ డబ్బాలోనే ఉంచుతాను. రాలిన ముక్క మీద మాత్రం చాక్‌పీసు నీళ్ల ప్రయోగం చేశాను. పెన్ను అంకె మొదట బాగా పెరిగింది, నీళ్లు మార్చేకొద్దీ పెరుగుదల తగ్గి ఆగిపోయింది. ముక్క విడిపోలేదు. ఇప్పుడు బయట పెట్టినా కాగితం తడవడం లేదు. పెద్ద రాయికి ముందు పారాలాయిడ్ పట్టు ఇచ్చి, వేసవిలో మళ్లీ ఆలోచిస్తాను.

నీలిమేఘం | గురువారం, ఉదయం 7:50

విజయవాడలో ఒక సేకర్తతో గులాబీ మార్పిడికి ఒప్పందం కుదిరింది. రేకులు విరగకుండా చెన్నై నుంచి ఎలా పంపాలి?

స్ఫటికం_తిరువాన్మియూర్ | గురువారం, ఉదయం 9:20

దూది వద్దు, పోగులు రేకులకు చిక్కుకుని తీసేటప్పుడు అంచు విరుగుతుంది. బబుల్ ప్లాస్టిక్ నేరుగా చుట్టడం కూడా వద్దు, బిగిస్తే పై రేకుల మీదే బరువు పడుతుంది. గులాబీకి అడుగు భాగం గట్టిది. మందపాటి స్పాంజిలో అడుగు పట్టేంత గుంట కోసి అందులో కూర్చోబెట్టండి. పైన రేకులకు ఏదీ తగలకుండా డబ్బా ఎత్తు చూసుకోండి. మెత్తటి టిష్యూ కాగితం ఉండలు చుట్టూ వదులుగా వేయండి. ఆ డబ్బాను ఇంకో పెద్ద పెట్టెలో, ఆరు వైపులా రెండు అంగుళాల స్పాంజి వచ్చేలా పెట్టండి. లోపలి డబ్బాలో ఒక సిలికా జెల్ సంచి. చోటు, తేదీ, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రాసిన చీటీ ప్లాస్టిక్ కవర్లో వేసి డబ్బా మూతకు లోపలివైపు అంటించండి. చీటీ నకలు మీ దగ్గరా ఉంచుకోండి. వాన తగ్గిన వారం చూసి పంపండి.